ఈ తేడా ఎప్పటి నుంచి?

తొమ్మిదో పదో ఏడు నడుస్తున్న ఆడపిల్ల ఒకరోజు తల్లి దగ్గరికొచ్చి, చనుమొన కింద గట్టిగా ఏదో తగులుతోందని, నొక్కితే నొప్పిగా ఉందని చెబుతుంది. చూస్తే ఒకవైపే ఉంటుంది, రెండోవైపు ఏమీ ఉండదు. గడ్డ అన్న మాట మనసులో మెదిలిందంటే ఆ తల్లికి ఇక నిద్ర పట్టదు. మర్నాడే ఏదో ఒక ఆస్పత్రికి పరుగు, స్కానింగు, ముక్క తీసి పరీక్షకు పంపించమంటే పంపిద్దామన్న తొందర.

ఆ తొందరే ప్రమాదం. ఆ వయసులో చనుమొన కింద కుంకుడుగింజంత గట్టిగా తగిలేది సాధారణంగా రొమ్ము మొగ్గ. ముందుముందు రావలసిన రొమ్మంతా అందులోంచే పెరగాలి. గడ్డ అనుకుని దాన్ని కోసి తీసేస్తే ఆ వైపు రొమ్ము ఇక రాదు. ముక్క తీసినా ఎదుగుదల దెబ్బతినవచ్చు. అందుకే అనుభవమున్న పిల్లల డాక్టర్లు చేత్తో పరీక్షించి, అవసరమనుకుంటే అల్ట్రాసౌండ్ చేయించి, కొన్ని నెలలు ఆగి చూద్దామంటారు. చాలామందిలో ఆర్నెల్లు తిరిగేలోపు రెండోవైపు మొగ్గ కూడా కనిపిస్తుంది. ఈ ఎదుగుదల 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు. 8 నిండకముందే మొదలైనా, 13 దాటినా జాడ లేకపోయినా డాక్టరుకు చూపించాలి.

రొమ్ములు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉన్నాయని వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ‘ఎంత తేడా ఉంటే భయపడాలి’ అని. మంచి డాక్టరు ముందు అడిగేది మాత్రం ‘ఎప్పటి నుంచి ఉంది’ అని. నా దృష్టిలో తేల్చుకోవలసింది ముందుగా ఇదే. ఎదిగే వయసు నుంచీ ఉండి ఏళ్ల తరబడి మారని తేడా, చూపుకు ఎంత పెద్దదైనా, జబ్బు కావడం చాలా అరుదు. మూడు నెలల కిందట లేనిది ఇప్పుడు కనిపిస్తే, అది పిసరంతే అయినా చూపించుకోవలసిందే.

రెండు రొమ్ములూ అచ్చంగా ఒకే కొలతలో ఉన్న స్త్రీలు అసలు తక్కువ. చాలామందిలో ఎడమవైపుది కాస్త పెద్దది. రొమ్ములో ఉండేవి పాలు తయారుచేసే గ్రంథులు, ఆ పాలను చనుమొనకు చేర్చే నాళాలు, వాటి చుట్టూ కొవ్వు, అన్నింటినీ పట్టి ఉంచే సన్నని కండరబంధాల్లాంటి పీచుపోగులు. కండరం మాత్రం రొమ్ములో లేదు, దాని వెనక ఛాతీ మీద ఉంది. రక్తంలో తిరిగే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండువైపులా ఒకే మోతాదులో చేరినా, రెండువైపుల కణజాలం ఒకే తీరున స్పందించదు. బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు జేమ్స్ టానర్ ఈ ఎదుగుదలను ఐదు దశలుగా విడదీశాడు, డాక్టర్లు ఇప్పటికీ ఆ దశల్లోనే చెబుతారు. ఒకే అమ్మాయిలో ఒకవైపు మూడో దశలో, రెండోవైపు ఇంకా రెండో దశలో ఉండటం మామూలే. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా పద్దెనిమిదికల్లా చాలావరకు సర్దుకుంటుంది. కొందరిలో మిగిలిపోతుంది. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కినప్పుడు, ఒళ్లు చేసినప్పుడు ఆ తేడా మరికాస్త తెలుస్తుంది, అంతే.

ఇక కొన్ని తేడాలకు వేరే కారణాలుంటాయి. 1841లో లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో వైద్యవిద్యార్థిగా ఉన్న ఆల్‌ఫ్రెడ్ పోలండ్, ఒక మృతదేహాన్ని పరిశీలిస్తూ ఛాతీ కండరంలో ఒకవైపు భాగం లేదని, అదే వైపు చేతివేళ్లు సరిగా విడివడలేదని గమనించి రాశాడు. ఆ లోపానికి అతని పేరే స్థిరపడింది. పుట్టుకతో వచ్చే ఈ స్థితిలో ఆడపిల్లలకు ఆ వైపు రొమ్ము బాగా చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. వెన్ను పక్కకు వంగిన అమ్మాయిల్లో మరో చిత్రం జరుగుతుంది. రొమ్ములు దాదాపు సమానమే, పక్కటెముకలు ఒకవైపు ముందుకు తోసుకురావడం వల్ల పెద్దగా చిన్నగా కనిపిస్తాయి. వెన్ను చూడకుండా డాక్టరు రొమ్ముకే ఆపరేషన్ మాట్లాడితే, మరో డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం తీసుకోవడం మేలు. పదహారు, పదిహేడేళ్ల అమ్మాయికి ఒక రొమ్ము కొద్ది నెలల్లోనే గబగబా పెరిగిపోతే లోపల ఫైబ్రోఎడినోమా అనే గడ్డ ఉండవచ్చు. అది క్యాన్సర్ కాదు. గడ్డను మాత్రం తీసేస్తే రొమ్ము నిలుస్తుంది.

మన ఇళ్లలో మరీ ముఖ్యంగా చెప్పుకోవలసింది చిన్నప్పటి కాలిన గాయాల గురించి. పాకే వయసులో వేడినీళ్ల బకెట్టు మీద పడటం, పొయ్యి మీది గిన్నె లాక్కోవడం వల్ల ఛాతీ కాలిన పిల్లలు ఎందరో ఉన్నారు. గాయం మానుతుంది, ఇంట్లో వాళ్లు మర్చిపోతారు. అయితే కాలి ముడుచుకుపోయిన చర్మానికి సాగే గుణం ఉండదు. కింద మొగ్గ క్షేమంగానే ఉండి, పెరగాలని చూస్తున్నా, పైనున్న మచ్చ దాన్ని అణిచిపెడుతుంది. సరైన సమయంలో ప్లాస్టిక్ సర్జన్ ఆ మచ్చను వదులుచేసి కొత్త చర్మం అతికిస్తే రొమ్ము చాలావరకు తన దారిన తాను ఎదుగుతుంది. ఎదుగుదల పూర్తయ్యాక తీసుకెళితే ఆ అవకాశం సన్నగిల్లుతుంది. అలాంటి పిల్లను పెద్దమనిషి అయ్యేదాకా ఆగకుండా, ఛాతీలో మార్పు మొదలైనప్పుడే చూపించాలి.

జబ్బు కాదన్నంత మాత్రాన బాధ లేనట్టు కాదు. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆస్పత్రి వైద్యులు 12 నుంచి 21 ఏళ్ల అమ్మాయిల మీద చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. కనీసం ఒక కప్పు సైజు తేడా ఉన్న అమ్మాయిల్లో ఆత్మగౌరవం, మానసిక స్థితి తోటివారికంటే తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. దీన్ని అందం పిచ్చి అని కొట్టిపారేసేవాళ్లు ఆ ఫలితం చూడాలి. మన దగ్గర ఈ అమ్మాయిలు చున్నీ తీయరు, పుస్తకాల సంచి గుండెలకు అదుముకుని నడుస్తారు, ఆటల పీరియడ్‌కు కడుపునొప్పి అంటారు, హాస్టల్లో అందరూ లేవకముందే స్నానం ముగిస్తారు. పెళ్లి మాట రాగానే గుబులు రెట్టింపవుతుంది. తల్లి ఒక్కసారి ‘నాకూ కొంచెం తేడానే, చాలామందికి ఉంటుంది, చూపిద్దాం పద’ అంటే సగం బరువు దిగిపోతుంది. తేడా ఉన్నంత మాత్రాన కాపురానికీ, పిల్లలు పుట్టడానికీ ఏ అడ్డూ లేదు. గ్రంథులే సరిగా ఏర్పడని కొద్దిమందికి తప్ప పాలకూ లోటుండదు.

చాలామందికి దర్జీతోనే పని తీరిపోతుంది. ఆది జాకెట్టు ఇచ్చి ఊరుకోకుండా, రెండువైపులా విడివిడిగా కొలతలు తీయించుకోవాలి. మనకు నచ్చిన లేడీస్ టైలర్‌కు విషయం చెబితే డార్టులు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ పట్టి, చిన్నవైపు లోపల ప్యాడ్ వేసి కుడుతుంది. బ్రా పెద్దవైపు కొలతకు కొనాలి. చిన్నవైపుకు కొంటే పెద్దది నొక్కుకుపోయి ఒరుసుకుంటుంది. ప్యాడ్లు తీసి పెట్టుకునే రకమైతే పెద్దవైపుది తీసేయవచ్చు. సిలికాన్ ప్యాడ్లు విడిగానూ దొరుకుతాయి. క్యాన్సర్‌కు ఒక రొమ్ము తీయించుకున్నవారికి ఇదే పద్ధతిలో కృత్రిమ రొమ్ము ఉంటుంది, దాని బరువు భుజాలు ఒకవైపు లాగకుండా కాపాడుతుంది. బార్బీ బొమ్మను సృష్టించిన రూత్ హాండ్లర్‌కు 1970లో రొమ్ము తీసేశారు. అప్పట్లో దొరికేవి ఆమెకు నచ్చలేదు. బూట్లలాగే కుడికి వేరు, ఎడమకు వేరు ఉండాలని తనే కంపెనీ పెట్టి తయారుచేయించింది.

నూనెలు, క్రీములు, పంపులు, మాత్రల సంగతి ఒక్క మాటలో చెబుతాను: డబ్బు దండగ. వ్యాయామం మంచిదే, కానీ దానితో పెరిగేది వెనకున్న కండరం. ఛాతీ నిండుగా కనిపించవచ్చు, రొమ్ము కొలత మారదు. స్త్రీల రొమ్ముల ఆకృతిని మారుస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా ఆ ప్రకటనలు ఫోన్లలో అమ్మాయిల కంటపడుతూనే ఉన్నాయి.

ఆపరేషన్ విషయానికొస్తే, మొదటి షరతు మళ్లీ కాలమే. ఎదుగుదల ఆగాలి. సాధారణంగా 18 దాటి, ఏడాది పైగా కొలత మారకుండా ఉంటేనే సర్జన్లు ముందుకెళతారు. దారులు కొన్నే: పెద్దదాన్ని తగ్గించడం, జారినదాన్ని పైకి ఎత్తి కుట్టడం, చిన్నదాన్ని పెంచడం, లేదా రెండువైపులా తలా కొంచెం చేయడం. చిన్నదాన్ని పెంచమనే చాలామంది అడుగుతారు. పెద్దది బరువుగా కూడా ఉన్నప్పుడు దాన్ని తగ్గించడమే మేలని నాకనిపిస్తుంది. ఒకవైపు సిలికాన్ పెడితే అది అలాగే ఉంటుంది, రెండోవైపు సహజమైన రొమ్ము కాన్పులతో, బరువుతో, వయసుతో మారుతుంది. పదేళ్లకు కొత్త తేడా మొదలవుతుంది. తగ్గించే ఆపరేషన్‌కూ మూల్యం ఉంది. మచ్చలు ఉండిపోతాయి, చనుమొన స్పర్శ తగ్గవచ్చు, పాలు తగ్గవచ్చు. పిల్లలు కావాలనుకునేవారు ఆ మాట సర్జన్‌తో ముందే చెప్పాలి. మచ్చలు ఉబ్బెత్తుగా లేచే ఒంటి తత్వం మనవాళ్లలో ఎక్కువ, అదీ చెప్పాలి.

సిలికాన్ ఇంప్లాంట్ మొదటిసారి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పెట్టారు. ఆ తర్వాతి చరిత్ర అంత నున్నగా సాగలేదు. ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ పరుపుల తయారీ స్థాయి పారిశ్రామిక సిలికాన్ నింపి అమ్మినట్టు 2010లో బయటపడింది. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లతో అరుదుగా లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వస్తున్నట్టు తేలి, 2019 జూలైలో అలెర్గాన్ కంపెనీ ఆ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్లే వద్దని దీనర్థం కాదు. అవి జీవితాంతం ఉండేవి కావు, చుట్టూ గట్టి పొర కట్టవచ్చు, పగలవచ్చు, మరోసారి ఆపరేషన్ కావచ్చు. ఏ కంపెనీది, ఏ రకం పెట్టారో రాసిన కార్డు అడిగి తీసుకుని దాచుకోవాలి. అందానికోసమైతే సిలికాన్ జెల్ రకానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెట్టిన కనీస వయసు 22. తేడా కొద్దిపాటిదైతే పొట్ట నుంచో తొడల నుంచో కొవ్వు తీసి ఎక్కించే పద్ధతి ఉంది. ఎక్కించినదంతా నిలవదు, కొంత ఒంట్లో కలిసిపోతుంది, మళ్లీ చేయాల్సి రావచ్చు. అందులో కొంత గట్టిపడి తర్వాత మామోగ్రాంలో మచ్చల్లా కనిపిస్తుంది కాబట్టి తీసేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి.

అందానికి చేసే శస్త్రచికిత్సలకు ఆరోగ్యబీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసే వాటికి మినహాయింపు ఉంది. చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఆర్‌ఎన్‌బీ ఉందో లేదో చూసుకోవాలి. క్లినిక్ ఎంత మెరిసిపోతున్నా ఆ పట్టాకు సాటిరాదు. హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో, విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. మిల్లీమీటరు తేడా లేకుండా చేస్తామనే సర్జన్‌ను నమ్మవద్దు.

బాలింతల్లో వచ్చే తేడా వేరు. బిడ్డ ఒకవైపు ఇష్టంగా తాగితే అక్కడ పాలు ఎక్కువ ఊరతాయి, ఆ రొమ్ము పెద్దదవుతుంది. తాగే కొద్దీ ఊరడం పాల తత్వం. చిన్నవైపు ముందు పట్టిస్తే కొంత సర్దుకుంటుంది. పాలు మాన్పించిన కొన్ని నెలలకు చాలామందికి మునుపటి రూపు వస్తుంది. ఒకవైపు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఇన్ఫెక్షన్. పాలివ్వడం ఆపకుండానే డాక్టరును కలవాలి. యాంటీబయోటిక్స్ వాడినా తగ్గకపోతే ఊరుకోకూడదు, ఒక రకం రొమ్ము క్యాన్సర్ అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

ముప్పై అయిదు, నలభై దాటాక కొత్తగా వచ్చిన తేడా అన్నింటికంటే తీవ్రమైనది. భారతదేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే, పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర చిన్న వయసులోనే వస్తోంది. రొమ్ము పెరగడం ఒక్కటే గుర్తు అనుకుంటారు. కుంచించుకుపోవడమూ గుర్తే. అద్దం ముందు చేతులు దించి, పైకెత్తి, నడుం మీద పెట్టి నొక్కి చూసుకుంటే చర్మం ఒకచోట లోపలికి లాక్కున్నా, నారింజ తొక్కలా మారినా, చనుమొన లోపలికి పోయినా తెలుస్తుంది. చనుమొన నుంచి రక్తం, చంకలో గడ్డ కూడా ఆగనివ్వనివే. నెలసరి మొదలైన వారం తర్వాత చూసుకుంటే వాపు గందరగోళం ఉండదు. డాక్టరు చేత్తో చూసి, వయసును బట్టి అల్ట్రాసౌండో మామోగ్రామో రాస్తారు. అనుమానముంటే సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు. పదేళ్ల పాప మొగ్గను ముట్టుకోవద్దన్నాం. ఇక్కడ మాత్రం ఆ పరీక్ష వాయిదా వేయకూడదు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్లలో బలంగా ఉంది. అది నిజం కాదు. ఆ భయంతో నెలలకు నెలలు గడిపేయడం వల్లే గడ్డ ముదురుతోంది.