రేగుచెట్టు కింద రొట్టె

"ఏమిటోనక్కా, పొద్దున లేవబుద్ధి కాదు. పిల్లలు పలకరించినా విసుగే. ఏడుపొస్తుంది, ఎందుకో తెలీదు."

ఇలా అనే స్త్రీ మీకూ ఎక్కడో తారసపడే ఉంటుంది. నాకు తారసపడింది కడపలో, మా వీధిలోనే. భర్త కువైట్‌లో ఉంటాడు. ఇద్దరు పిల్లలు. ప్రతి బుధవారం చర్చిలో జరిగే స్త్రీల కూడికలో పాట ఎత్తుకునేది ఆమే. అలాంటిది రెండు నెలలుగా గడప దాటడం మానేసింది.

ఎందుకు రాలేదని అడిగినవాళ్లు తక్కువ, తీర్పు చెప్పినవాళ్లు ఎక్కువ. "విశ్వాసం తగ్గింది. ఉపవాసముండి ప్రార్థన చెయ్యి" అని ఒకావిడ సలహా ఇచ్చి వెళ్లింది. అసలే అన్నం సయించని మనిషి మూడు రోజులు పస్తుంది. ఉన్న దిగులు చాలనట్టు, దేవుడికి కూడా పనికిరాకుండా పోయానన్న బాధ తోడైంది. "నేను లేకపోతేనే పిల్లలు బాగుంటారేమో" అంది ఒకరోజు. నా గుండె జారిపోయింది.

వెంటనే పాస్టరమ్మగారికి చెప్పాను. అరవై దాటిన మనిషి. ఆ సాయంత్రమే గిన్నెలో సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పెట్టుకొని వచ్చారు. "ముందు తినమ్మా, ప్రార్థన తర్వాత చేసుకుందాం" అన్నారు. తిన్నాక ఏలీయా కథ చెప్పారు. అంత గొప్ప ప్రవక్త కూడా యెజెబెలు రాణికి భయపడి ఎడారిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడట. తెలుగు బైబిల్లో అది బదరీ వృక్షం, అంటే మన సీమ కంపల్లో కాసే రేగుచెట్టే!

"దేవదూత వచ్చి ఆయన్ని తిట్నాడా? రొట్టె, నీళ్లు ఇచ్చినాడు. తిని మళ్లీ పండుకుంటే, రెండోసారి లేపి ఇంకొంచెం తినమన్నాడు. నిన్ను మాత్రం మేమెందుకు తిట్టల్ల?" అన్నారావిడ.

ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదల్లేదు. మర్నాడు కూడికలోని ఇద్దరు తోడు వెళ్లి సైకియాట్రిస్టుకు చూపించారు. డిప్రెషన్ అని తేలింది. రెండు వారాలకు మించి దిగులు, నిరాసక్తత వదలకపోతే, నిద్ర, ఆకలి తప్పితే, అది సోమరితనమూ కాదు, పాపమూ కాదు, జబ్బు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గినట్టుందని సొంతంగా మానకూడదు. ఆ వారాలన్నీ ఒకరు పిల్లల్ని బడికి దింపారు, ఒకరు మాత్ర వేసుకుందో లేదో చూశారు, ఒకరు భర్తకు ఫోన్లో నచ్చజెప్పారు.

డాక్టరు దగ్గరికెళ్తే విశ్వాసం లేనట్టే కదా అన్న గుసగుసలూ లేకపోలేదు. దానికి మన జిల్లా చరిత్రే జవాబు. 1822లో కడపలో పని మొదలుపెట్టిన లండన్ మిషన్ వారు గుళ్లు కట్టి ఊరుకోలేదు, ఆ శతాబ్దం ఆఖర్లో జమ్మలమడుగులో ఆసుపత్రి కూడా పెట్టారు. జ్వరానికి మందు తప్పు కానప్పుడు మనసుకి తప్పెలా అవుతుంది?

మరి ప్రార్థన ఎందుకూ అంటారా? పక్కింటివారి పేరు కూడా తెలియని ఈ రోజుల్లో, వారానికొకసారి "నా కోసం ప్రార్థించండి" అని నోరు విప్పి కష్టం చెప్పుకునే చోటు ఎంతమందికి ఉంది? రాకపోతే ఎందుకు రాలేదని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎంతమందికి ఉన్నారు? మందు చేయలేని పని అది.

కొన్ని నెలలకు ఆమె మళ్లీ కూడికకు వెళ్లింది. పాట ఎత్తుకోలేదు, వెనక కూర్చుని వింది. అదే చాలనుకున్నారు అందరూ.

కూడికే కానక్కర్లేదు. భజన కావచ్చు, డ్వాక్రా సంఘం కావచ్చు. మీ మధ్య ఈమధ్య కనిపించడం మానేసినావిడ ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వెళ్లేటప్పుడు సలహాలు ఇంట్లో పెట్టి, ఓ గిన్నెడు అన్నం పట్టుకెళ్లండి. చావు మాట వినిపిస్తే కంగారుపడి తిట్టకండి, ఒంటరిగా వదలకండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 రాత్రీపగలూ ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు.