మీకు తెలుసా? అది దొంగ పేరు కాదు

‘ఎ టాక్సీ డ్రైవర్’ (2017) అనే కొరియన్ సినిమాలో హీరో విడిపోయేటప్పుడు జర్మన్ విలేకరికి రాసిచ్చే దొంగ పేరు ‘కిమ్ సా-బోక్’ నిజానికి అసలు డ్రైవర్ సొంత పేరే!

1980 మేలో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జులో సైనిక పాలనపై తిరగబడ్డ జనం మీద సైన్యం తుపాకులు పేల్చింది. పత్రికల నోరు నొక్కేశారు. ఆ దారుణాన్ని చిత్రీకరించిన జర్మన్ విలేకరి యూర్గెన్ హింట్స్‌పేటర్ ఫిల్మ్ రీళ్లను బిస్కెట్ డబ్బాలో దాచి జపాన్ చేర్చాడు. ఆయన్ని సియోల్ నుంచి గ్వాంగ్జుకు తీసుకెళ్లింది కిమ్. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెతికినా కిమ్ జాడ దొరకలేదు. దాంతో పేరే తప్పై ఉంటుందనుకున్నారు. సినిమా కథకు ఆ ఊహే ఆధారమైంది.

సినిమా విడుదలయ్యాక కిమ్ కొడుకు బయటికొచ్చి, తండ్రి హింట్స్‌పేటర్‌తో కలిసి ఉన్న పాత ఫొటో చూపించాడు. కిమ్ 1984లోనే క్యాన్సర్‌తో చనిపోయాడట. ఆ సంగతి తెలియకుండానే హింట్స్‌పేటర్ 2016 జనవరిలో కన్నుమూశాడు.

ఇంకో తేడా. తెరమీద హీరో సాంగ్ కాంగ్-హో నడిపేది ఆకుపచ్చ టాక్సీ, మాట్లాడేది వచ్చీరాని ఇంగ్లిష్. అసలు కిమ్ హోటల్‌కు వచ్చే విదేశీయుల కోసం కారు నడిపేవాడు; ఇంగ్లిష్ బాగానే వచ్చు. తెరమీది అమాయకత్వం చాలావరకు దర్శకుడు జాంగ్ హూన్ బృందం కల్పనే. ఆ కల్పననే దక్షిణ కొరియాలో 1.2 కోట్ల మందికి పైగా టికెట్ కొని చూశారు.