చెట్టుకప్పను పెంచాలనుకుంటే: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలు కుక్కపిల్ల కావాలంటారు. అద్దె ఇంటి నిబంధనలు, ఎలర్జీలు, ఏటా ఇండియా ప్రయాణాలు గుర్తుచేసి పెద్దవాళ్ళు కాదంటారు. అలాంటప్పుడు పెట్ షాపులో గాజుకు అతుక్కుని కూర్చున్న ఆకుపచ్చ కప్ప అందరికీ నచ్చేస్తుంది. మొరగదు, జుట్టు రాల్చదు, షికారుకు తిప్పక్కర్లేదు. మొహం చూస్తే ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. అలా ఇళ్ళకు చేరే చెట్టుకప్పల్లో బాగా పేరున్నది వైట్స్ ట్రీ ఫ్రాగ్. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ. పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మొదటిసారి కప్పను పెంచేవారికి అనువైనదని చెబుతారు, అది నిజమే. అయితే ఆ మాటను చాలామంది "ఎలా పెంచినా బతికేస్తుంది" అని అర్థం చేసుకుంటారు. అక్కడి నుంచే కప్పకు కష్టాలు మొదలవుతాయి. దాని చర్మం ఏం చేస్తుందో తెలిస్తే, కింది అపోహల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

అపోహ: మనం తాగే కుళాయి నీళ్ళు కప్పకూ సరిపోతాయి.

కప్ప నోటితో నీళ్ళు తాగదు. నీళ్ళ గిన్నెలో కూర్చుని పొట్ట అడుగున, తొడల దగ్గర ఉండే పలుచని చర్మంతో పీల్చుకుంటుంది. వానలు ముఖం చాటేసినప్పుడు మన ఊళ్ళలో రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి పేరుతో ఇంటింటా నీళ్ళు పోయించే ఆచారం ఉంది. ఆ పోసిన నీళ్ళను కూడా కప్ప ఒంటితోనే తాగుతుంది. ఊపిరితిత్తులున్నా, శ్వాసలో కొంత పని చర్మమే చేస్తుంది. అందుకని నీటిలో ఏది కరిగి ఉంటే అది కప్ప ఒంట్లోకి వెళ్ళే వీలుంది. మన కడుపుకు హాని చేయని క్లోరిన్ దాని చర్మానికి హాని చేస్తుంది.

నీళ్ళను రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుందని ఇంకో సలహా వినిపిస్తుంది. క్లోరిన్ వరకు అది చాలావరకు నిజం. కానీ అమెరికా, ఆస్ట్రేలియాల్లోని ఎన్నో నగరాల్లో నీటి శుద్ధికి క్లోరమైన్ వాడుతున్నారు, అది అంత సులువుగా పోదు. అక్వేరియం సామాన్లు అమ్మే చోట దొరికే డీక్లోరినేటర్ కొని, అది క్లోరమైన్ మీద కూడా పనిచేస్తుందో లేదో సీసా మీద చదవండి. అతి శుభ్రంగా ఉండాలని గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోయడమూ మంచిది కాదు. అందులో లవణాలు ఉండవు కాబట్టి కప్ప ఒంట్లోని లవణాల సమతూకం చెడుతుంది. గిన్నెలోని నీళ్ళు రోజూ మార్చాలి, ఎందుకంటే కప్ప తరచుగా మలవిసర్జన చేసేది కూడా ఆ నీళ్ళలోనే.

అపోహ: కప్ప కాబట్టి చుట్టూ ఎప్పుడూ తడి ఉండాలి.

చెట్టుకప్ప చెరువు కప్ప కాదు. కొమ్మల మీద, చెట్టు తొర్రల్లో బతుకుతుంది. మన ఊళ్ళలో స్నానాల గదుల్లోకి, తలుపుల సందుల్లోకి చేరే గోధుమరంగు చెట్టుకప్ప కూడా ఎండాకాలాన్ని గోడ నీడన కదలకుండా గడిపేస్తుంది. వైట్స్ ట్రీ ఫ్రాగ్ చర్మం మీద మైనం లాంటి పూత ఉంటుంది, తేమ తొందరగా ఆరిపోకుండా అది కాపాడుతుంది. పెట్టెలో గాలి ఆడకుండా మూసేసి, అడుగంతా చిత్తడి చేస్తే బ్యాక్టీరియా పెరిగి చర్మానికి ఇన్ఫెక్షన్లు వస్తాయి. సాయంత్రం నీళ్ళు చల్లి, మర్నాటికి పైభాగం ఆరేలా చూస్తే మేలు. గాలిలో తేమ 50 నుంచి 70 శాతం, పగటి వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే దానికి హాయి. ఈ రెండూ కొలిచే పరికరాలు లేకుండా అంచనాతో నెట్టుకురావద్దు. చలి దేశాల్లో రాత్రిపూట ఇంటి హీటర్ తగ్గిస్తే పెట్టె ఎంత చల్లబడుతుందో పైనుంచి చూస్తే తెలియదు.

అపోహ: రోజూ చేతిలోకి తీసుకుంటే మాలిమి అవుతుంది.

అన్ని అపోహల్లోకీ కప్పను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఈ జాతి చెట్టుకప్ప నెమ్మదైనది, అరచేతిలో పెట్టుకుంటే పారిపోకుండా కూర్చుంటుంది. దాన్ని చూసి మురిపెమనుకుంటాం. భయపడిన జంతువు కూడా కదలకుండానే ఉంటుందని పిల్లలకు చెప్పాలి. మన చేతులకున్న ఉప్పు, నూనె, లోషన్, సబ్బు, శానిటైజర్ ఆ చర్మానికి పడవు. ట్యాంకు కడిగేటప్పుడో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడో పట్టుకోక తప్పదు. అప్పుడు పౌడర్ లేని గ్లవ్స్ వేసుకుని, వాటిని క్లోరిన్ తీసిన నీళ్ళతో తడిపి పట్టుకోండి.

మరోవైపు, ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయని, విషం ఎక్కుతుందని కప్పంటేనే భయపడేవాళ్ళున్నారు. పులిపిర్లు మనుషుల్లో ఉండే వైరస్ వల్ల వస్తాయి, వాటికీ కప్పకూ సంబంధం లేదు. వైట్స్ ట్రీ ఫ్రాగ్ చర్మం నుంచి ఊరే ద్రవం కంట్లో పడితే మండుతుంది, అంతే. పైగా ఆ ద్రవంలో దొరికిన సెరులిన్ అనే పదార్థం పిత్తాశయాన్ని, క్లోమాన్ని ప్రేరేపిస్తుందని తేలడంతో దాన్ని వైద్యంలో, పరిశోధనల్లో వాడారు.

భయపడాల్సింది వేరే ఉంది. కప్పలు ఏ జబ్బూ కనిపించకుండా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను మోయగలవు. 2008–2011 మధ్య అమెరికాలో పెంపుడు ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్పల వల్ల 44 రాష్ట్రాల్లో 376 మందికి ఆ ఇన్ఫెక్షన్ సోకింది. వాళ్ళలో ఎక్కువమంది చిన్నపిల్లలే. ట్యాంకునూ గిన్నెలనూ వంటింటి సింకులో కడగొద్దు. వాటిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్ళ లోపు పిల్లలను కప్ప దగ్గరికి, దాని నీళ్ళ దగ్గరికి పోనివ్వకూడదు. ఆ వయసు పిల్లలున్న ఇంట్లో కొన్నేళ్ళు ఆగి తెచ్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ఆకలి ఉన్నంతవరకు పెట్టాలి, ఏ పురుగైనా ఒకటే.

వైట్స్ ట్రీ ఫ్రాగ్‌కు చాలనడం తెలియదు. కదిలేది కనబడితే మింగుతుంది. ఇంట్లో పెరిగే వాటిలో ఊబకాయం మామూలు. కళ్ళ పైనుంచి చెవుల వైపు ఉండే చర్మపు మడత లావెక్కి కంటి మీదికి జారితే తిండి ఎక్కువైందని గుర్తు. కొందరు ముచ్చటపడి ఎలుక పిల్లలను వేస్తారు. అంత కొవ్వున్న తిండి అలవాటైతే కంటి పొరలో కొవ్వు పేరుకుని తెల్లబారే ప్రమాదం ఉంది. పెద్ద కప్పకు వారంలో రెండు మూడుసార్లు కొన్ని కీచురాళ్ళు, అప్పుడప్పుడు ఓ వానపాము చాలు. పురుగు పొడవు కప్ప రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకుండా చూడండి.

ఒట్టి కీచురాళ్ళలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అదే తిండి మీద పెరిగిన కప్పకు ఎముకలు మెత్తబడతాయి, దవడ వంగిపోతుంది, కాళ్ళు వంకరవుతాయి. అందుకే పురుగులకు ముందు ఆకుకూరలు, కూరగాయ ముక్కలు బాగా తినిపించి, ఆపై కాల్షియం, విటమిన్ డి3 ఉన్న పొడి అద్ది వేయాలి. రాత్రి తిరిగే జీవికి వెలుగెందుకని చాలామంది యూవీబీ దీపం పెట్టరు. నిజానికి పగలు ఆకు మీద నిద్రపోయేటప్పుడు కూడా దాని ఒంటి మీద కొంత ఎండ పడుతుంది. తక్కువ బలమున్న యూవీబీ దీపం, పక్కనే నీడనిచ్చే ఆకులు రెండూ ఉంటే ఎక్కడ కూర్చోవాలో అదే చూసుకుంటుంది. వరండా దీపం దగ్గర పట్టిన పురుగులను మాత్రం వేయకండి, వాటికి ఏ పురుగుమందు అంటుకుని ఉందో చెప్పలేం.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగింది కప్ప భోజనమే. మింగేటప్పుడు దాని కనుగుడ్లు లోపలికి దిగి ఆహారాన్ని గొంతులోకి నెట్టడానికి సాయపడతాయి. దీపాలు తగ్గించి నిశ్శబ్దంగా కూర్చుంటే పిల్లలు ఆ కళ్ళ కదలికను స్పష్టంగా చూడగలరు. ముట్టుకోకుండానే ఇంత ఆనందం ఇస్తుంది.

అపోహ: రంగు మారితే జబ్బు చేసినట్టే.

ఆకుపచ్చ కప్ప పొద్దున్న లేచేసరికి గోధుమరంగులో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. చల్లదనం, వెలుతురు, కూర్చున్న చోటు, బెదురు, వీటిలో దేనివల్లయినా రంగు మారుతుంది. ఆ ఆకుపచ్చ నిజానికి ఒకే రంగు కాదు, నీలం మీద పసుపు పరుచుకుంటే వచ్చింది. 1790లో జాన్ వైట్ అనే నౌకాదళ వైద్యుడి పుస్తకంలో ఈ కప్ప తొలి వర్ణన వచ్చింది. భద్రపరిచిన నమూనాలో పసుపు పోవడంతో దాన్ని నీలి కప్పగానే రాశారు. రంగుతో పాటు తిండి మానేయడం, పగలు నేల మీద సోలిపోయి పడి ఉండడం, చర్మం ఎర్రబడడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. కుక్కలనూ పిల్లులనూ చూసే ప్రతి డాక్టరూ కప్పను చూడరు. చూసేవారు ఎక్కడున్నారో కప్పను కొనకముందే తెలుసుకోండి.

కప్ప ఉండే పెట్టె విషయంలో రెండు మాటలు. ఎక్కే జీవి కాబట్టి వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. పెద్దవి ఒకటి రెండు ఉంటే కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. అడుగున చిన్న గులకరాళ్ళు వద్దు, పురుగుతో పాటు వాటినీ మింగితే పేగులో అడ్డుపడతాయి. తోడుంటుందని వేరే జాతి కప్పనో చిన్న కప్పనో పక్కన వేస్తే పెద్దది దాన్ని తినేయవచ్చు.

అపోహ: ఇక పెంచలేమనుకుంటే చెరువు దగ్గర వదిలేస్తే పుణ్యం.

బాగా చూసుకుంటే ఈ కప్ప పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకుంటే వాడు కాలేజీ చదువు ముగించేనాటికీ అది ఇంట్లోనే ఉండొచ్చు. కొనేముందు ఈ లెక్క వేసుకోనివాళ్ళే చివరికి వదిలేసే చోటు వెతుక్కుంటారు. అలా వదిలితే పుణ్యం రాకపోగా, అక్కడి కప్పలకు చావు తెచ్చిపెట్టే అవకాశం ఉంది. 1990ల చివర్లో గుర్తించిన కైట్రిడ్ అనే శిలీంధ్రం కప్పల చర్మానికే సోకుతుంది. దానివల్ల 501 ఉభయచర జాతులు క్షీణించాయని, వాటిలో 90 అంతరించి ఉంటాయని 2019లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అది దేశాలు దాటడంలో కప్పల వ్యాపారానికి పెద్ద పాత్ర ఉంది. పైకి ఆరోగ్యంగా కనిపించే కప్ప కూడా దాన్ని మోయగలదు.

అందుకే అడవిలో పట్టి తెచ్చినవి కాకుండా, ఇళ్ళలో పుట్టి పెరిగిన కప్పలనే కొనండి. ఎక్కడి నుంచి వచ్చిందో దుకాణదారు చెప్పలేకపోతే కొనొద్దు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో ఈ కప్పను పెంచాలంటే లైసెన్స్ తీసుకోవాలి, అడవిలో పట్టుకోవడం నేరం. ఇంట్లో ఇప్పటికే ఒక కప్ప ఉంటే కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరే పెట్టెలో, వేరే గిన్నెలతో ఉంచండి. పెంచడం కుదరనప్పుడు అమ్మినవారినో, డాక్టరునో, సరీసృపాలనూ ఉభయచరాలనూ చేరదీసే స్థానిక సంఘాన్నో అడిగితే ఇంకో ఇల్లు చూపిస్తారు. ట్యాంకులోంచి తీసిన మట్టినీ ఆకులనూ తోటలో పారబోయకండి, సంచిలో గట్టిగా కట్టి చెత్తలో వేయండి. గిన్నె నీళ్ళను వాన కాలువలో కాకుండా టాయిలెట్‌లో పోయండి.