పెద్ద ఫలకపు కెమెరాకు లెన్సు ఎంపిక

చలనచిత్రము తీయబోయేవారు మొదట అడిగే ప్రశ్న "కెమెరా ఏది?" అని. రెండవది "లెన్సు ఏది?" అని. ఈ రెంటికన్న ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. "కెమెరాను ఎక్కడ నిలుపుతాము?" అన్నదే ఆ ప్రశ్న. దీనికి జవాబు తేల్చుకొన్నవారికి తక్కిన రెండూ సులభమవుతవి. తేల్చుకొననివారు ఎంత ఖరీదైన లెన్సు తెచ్చుకొన్నా పొరబడే అవకాశమున్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో చిన్న చిత్రాలు తీయదలచిన యువకులు ఇటువంటి సామగ్రిని హైదరాబాదువంటి నగరము నుంచి రోజు అద్దెకు తెచ్చుకోవలసి వస్తుంది. లెన్సు సరిపడకపోతే దానిని మార్చి తెచ్చుకొనేలోగా చిత్రించదలచిన పండుగే ముగిసిపోవచ్చును. కనుక ఈ విషయమును కొంత వివరముగా విచారించుట అవసరము.

పులివెందుల ప్రాంతానికి చలనచిత్రము కొత్త కాదు. వాహినీ సంస్థను నడిపిన బి. ఎన్. రెడ్డి, విజయా సంస్థను నడిపిన బి. నాగిరెడ్డి సోదరులు ఆ సీమవారే. 1957లో విజయావారి "మాయాబజార్" చిత్రానికి మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకులు. ఆనాటి 35 మి.మీ. ఫిల్ముపై ఒక్కొక్క బొమ్మ వైశాల్యము సుమారు 22 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు మాత్రమే. 1974లో వచ్చిన తొలి తెలుగు సినిమాస్కోపు చిత్రము "అల్లూరి సీతారామరాజు"లో బొమ్మ వెడల్పు పెరిగినది ఫిల్మును మార్చినందువలన కాదు, దృశ్యాన్ని అడ్డముగా కుదించి పట్టే లెన్సు వలన. నేటి డిజిటల్ కెమెరాలలో ఫిల్మునకు బదులు సెన్సరు అనే ఫలకము ఉన్నది. 2022లో విడుదలయిన "ఆర్.ఆర్.ఆర్." చిత్రానికి కె. కె. సెంథిల్ కుమార్ వాడిన ఎలెక్సా ఎల్.ఎఫ్. కెమెరాలో ఈ ఫలకము 36.7 మి.మీ. వెడల్పు, 25.5 మి.మీ. ఎత్తు. మాయాబజారు నాటి బొమ్మకు ఇది వైశాల్యములో రెండున్నర రెట్లకు పైమాటే.

ఫలకము పెరిగినప్పుడు మొదట తలయెత్తే చిక్కు బింబవృత్తము. లెన్సు గుండ్రనిది గనుక అది లోపల పరచే వెలుగు కూడ గుండ్రముగానే ఉంటుంది. పళ్ళెములో పలకను పెట్టినట్లు, ఆ వృత్తములో దీర్ఘచతురస్రపు ఫలకము నాలుగు మూలలతో సహా ఇమడవలెను. సూపర్ 35 అనే పాత కొలత ఫలకానికి మూల నుంచి మూలకు సుమారు 31 మి.మీ. చాలును. ఎలెక్సా ఎల్.ఎఫ్.కు దాదాపు 45 మి.మీ. కావలెను. ఆ వృత్తము చాలకపోతే బొమ్మ మూలలు నల్లబడతవి. పాత లెన్సులలో దూరపు దృశ్యాలకు వాడే పొడుగు లెన్సులు కొన్ని పెద్ద ఫలకాన్ని కప్పగలవు. వెడల్పు దృశ్యపు లెన్సులు సాధారణముగా కప్పలేవు. అయితే పాత లెన్సులను పారవేయనక్కరలేదు. ఫలకపు నడిమి భాగాన్ని మాత్రమే వాడుకొనే ఏర్పాటు పెక్కు పెద్ద కెమెరాలలో ఉన్నది.

ఇక లెన్సుపై కనబడే 25, 35, 50, 75 అనే అంకెల మాట. ఇవి నాభ్యంతరమును మిల్లీమీటర్లలో తెలిపే అంకెలు. చిన్న ఫలకముపై 50 మి.మీ. లెన్సు చూపే వెడల్పే పెద్ద ఫలకముపై కావలెనంటే సుమారు 75 మి.మీ. లెన్సు వాడవలెను. దీనికొక చిన్న లెక్క ఉన్నది. దూరమును ఫలకపు వెడల్పుతో హెచ్చించి నాభ్యంతరముతో భాగిస్తే, ఎంత వెడల్పు దృశ్యము పడుతుందో తెలుస్తుంది. ప్రొద్దుటూరులో ఒక నేతగాని ఇంట మగ్గమును చిత్రించవలెననుకొందాము. గోడకు ఆనుకొని నిలిచినా మగ్గానికి ఎనిమిది అడుగులకన్న ఎక్కువ దూరము దొరకదు. అక్కడ 35 మి.మీ. లెన్సు సుమారు ఎనిమిదిన్నర అడుగుల వెడల్పును పడుతుంది, 25 మి.మీ. లెన్సు పన్నెండు అడుగులకు కొంచెము తక్కువ. అద్దెకు తెచ్చుకొనే ముందు ఒక టేపు పట్టుకొని ఆ గది కొలిచి వస్తే సగము ఎంపిక అయిపోయినట్లే.

పెద్ద ఫలకము దృశ్యపు లోతునే మార్చివేస్తుందని చాలమంది నమ్మిక. ఇది నిజము కాదు. దగ్గరి వస్తువుకు, దూరపు వస్తువుకు మధ్య కనబడే పరిమాణ భేదమును నిర్ణయించేది కెమెరా నిలిచిన చోటు. జమ్మలమడుగు సమీపాన గండికోటలో పెన్న లోయ అంచున ఒక మనిషిని నిలిపి, వెనుక ఎదుటి గట్టు ఎర్రబండలు కనబడునట్లు చిత్రించుచున్నామనుకొందాము. ఆ గట్టు మనిషికి 300 అడుగుల ఆవల ఉన్నదనుకొందాము. పది అడుగుల దూరమునుండి 25 మి.మీ. లెన్సుతో తీస్తే మనిషి నిండుగా ఉంటాడు, ఆవలి గట్టు చిన్న గోడవలె కనబడుతుంది. నలభై అడుగులు వెనుకకు వచ్చి 100 మి.మీ. లెన్సుతో తీస్తే మనిషి అంతే ఉంటాడు. గట్టు మాత్రము మూడున్నర రెట్లకు మించి పెరిగి అతని మీదికి వంగినట్లు తోస్తుంది. ఈ మార్పు తెచ్చినది మన కాళ్ళు. లెన్సు చేసినదల్లా మనిషిని పాత పరిమాణములో నిలుపుట. అవే రెండు చోట్లనుండి చిన్న ఫలకపు కెమెరాతో, తగినట్లు చిన్న లెన్సులు వేసి తీసినా ఈ భేదమే కనబడుతుంది.

మరి పెద్ద ఫలకము నిజముగా మార్చునదేమి? స్పష్టత నిలిచే మేర. ఒకే చోటునుండి, అంతే వెడల్పు దృశ్యాన్ని, లెన్సు ద్వారమును అంతే తెరచి తీసినప్పుడు, పెద్ద ఫలకముపై ఈ మేర చిన్న ఫలకముపై ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. ప్రొద్దుటూరు దసరా ఊరేగింపును రాత్రివేళ తీయబోయేవారు ఈ మాట గుర్తుంచుకోవలెను. చీకటి గనుక టి 1.5 వరకు తెరచుకొనే లెన్సు కావలెనని మనసు పోతుంది. కాని 75 మి.మీ. లెన్సును అంతగా తెరచి, ఎనిమిది అడుగుల దూరములోని ముఖాన్ని తీస్తే, స్పష్టముగా ఉండే మేర మూడు అంగుళాలు మాత్రమే. కళ్ళు తేటగా ఉండి చెవులు మసకబారుతవి. వాహనము మోసేవారు ఒక అడుగు ముందుకు వేస్తే చాలు, ముఖమంతా చెదిరిపోతుంది. టి 2.8కు తగ్గిస్తే మేర దాదాపు రెట్టింపవుతుంది, కాని వెలుతురు నాలుగవ వంతుకు కొంచెము పైగా మాత్రమే మిగులుతుంది. నేటి కెమెరాల గ్రహణశక్తి హెచ్చినది గనుక, వీధి దీపాలు బాగుగా ఉన్న చోట ఈ లోటును చాలవరకు భరించవచ్చును. కదిలే జనమును తీయుటకు మహా విశాలద్వారపు లెన్సుకన్న చేయి తిరిగిన ఫోకసు సహాయకుడు మేలు.

పగటి చిత్రీకరణకు ఈ సీమ ఎండయే పరీక్ష. పులివెందుల అరటితోటలలో, చీనీ తోటలలో ఆకుల నీడకు, బయటి వెలుగుకు మధ్య భేదము చాల ఎక్కువ. నాపరాతి గనులవద్ద రాళ్ళు వెలుగును ఎదురు విసరుతవి. ద్వారమును తెరచి ఉంచదలచినవారు వెలుతురును తగ్గించే ఎన్.డి. ఫిల్టర్లను మరువరాదు. మిట్టమధ్యాహ్నము పెన్న ఇసుకపై పొడుగు లెన్సు వేస్తే వేడిగాలి అలలే కనబడతవి. ఎంత గొప్ప లెన్సు అయినా వాటిని తొలగించలేదు. ఉదయమే ఆ పని ముగించుకొనుట ఉత్తమము.

అద్దె దుకాణములో చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నవి. కెమెరాకూ లెన్సుకూ మౌంటు కుదరవలెను. పి.ఎల్. మౌంటులో లెన్సు అంచుకు, ఫలకానికి నడుమ దూరము 52 మి.మీ., ఎల్.పి.ఎల్.లో 44. కనుక పాత పి.ఎల్. లెన్సును అడాప్టరుతో ఎల్.పి.ఎల్. కెమెరాకు తగిలించవచ్చును, తిరుగవేసిన పద్ధతి కుదరదు. తెల్లగోడవైపు తిప్పి, ద్వారమును పూర్తిగా తెరచి ఒకసారి, బాగుగా మూసి ఒకసారి నాలుగు మూలలు చూడవలెను. ఫోకసును దగ్గరనుంచి దూరానికి తిప్పునప్పుడు బొమ్మ ఉబ్బి తగ్గుచున్నదేమో గమనించవలెను. పక్కనుండి దీపము చూపి, బొమ్మపై తెలుపు పొర కమ్ముచున్నదేమో చూడవలెను. ఆ పొర ఒక కథకు అందము, మరొక కథకు దోషము.

చోటు చూచుకొని, దూరము కొలుచుకొని, వెలుతురు లెక్కవేసుకొన్నవారికి మూడు లెన్సులు చాలును. ఇరుకు గదికి ఒక 25, మనుషుల నడుమ తిరుగుటకు ఒక 40 లేక 50, ముఖాలకు, దూరపు గట్లకు ఒక 100. మిగిలిన అద్దె సొమ్ముతో మరొక రోజు చిత్రీకరణ జరుపుకోవచ్చును. చిన్న నిర్మాతకు ఆ ఒక్క రోజు, పెట్టె నిండ ఉన్న లెన్సులకన్న విలువైనది.