నాదమునకు గూడు

ఉదయగిరి పేరు వినినంతనే చరిత్ర చదివినవారికి శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గెలుచుకొనిన గిరిదుర్గము జ్ఞప్తికి వచ్చును. ఇల్లు దిద్దుకొనువారికి అచటి నున్నని చెక్క గరిటెలు, చెంచాలు జ్ఞప్తికి వచ్చును. దుర్గము శిథిలమైనది, గరిటె నిలిచినది. ఉదయగిరి కొయ్యపనికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది.

చెంచాను చెక్కువారి నేర్పు ఎచ్చట ఉన్నది? కాడ తీర్చుట కొంత పని. గుంట తొలుచుట అసలు పని. లోతు చాలనిచో పులుసు నిలువదు. మించినచో అడుగు చిల్లిపడును. ఈ తొలుచు విద్యయే బొబ్బిలిలో వీణను పుట్టించును. అచట ఒకే పనసదూలమును తొలిచి ఏకాండి వీణను చేయుదురు. తంత్రి తానుగా చేయు చప్పుడు స్వల్పము. కుండలోని గాలియు, పైపలక కంపనమును తోడైనపుడే అది నాదమై సభకు వినవచ్చును.

కావున ధ్వనికి గూడు కావలెను. ఈ పాత సత్యమునే నేడు మోటారుకారులలో సంగీతపు ఏర్పాట్లు చేయు పనివారు క్రొత్త పదార్థముతో నిరూపించుచున్నారు. వారు చేపట్టినది గాజునార, అనగా ఫైబర్‌గ్లాసు.

స్పీకరుకు పెట్టె ఏల? 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనువారు ప్రకటించిన నిర్మాణమే నేటికిని స్పీకర్లకు ఆధారము. అయస్కాంతపు సందున తీగచుట్ట కదలును. దానికంటిన శంకువు ముందుకు, వెనుకకు ఊగి గాలిని నెట్టును. చిక్కు అచటనే కలదు. శంకువు ముందుకు జరిగినపుడు ముందరి గాలి ఒత్తుకొనును, వెనుకటి గాలి పలుచనగును. ఆ రెండును అంచు చుట్టివచ్చి కలిసికొన్నచో ఒకదానినొకటి హరించుకొనును. మంద్రస్వరములకు ఈ నష్టము మిక్కుటము. సెకనుకు 50 కంపనములు గల స్వరపు తరంగము పొడవు దాదాపు 7 మీటర్లు. జానెడు శంకువు దానికి అడ్డుగోడ కాజాలదు. కనుక వెనుకటి గాలిని బంధింపవలెను. 1954లో ఎడ్గర్ విల్చర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగువలె వాడుకొని చిన్నపెట్టె నుండియు గంభీరమైన మంద్రమును రాబట్టెను.

ఇంటిలో పెట్టెకు చోటు దొరకును. కారులో సరియైన మూల ఒక్కటియు లేదు. చక్రము మీది ఉబ్బు, డిక్కీ ప్రక్కనున్న పల్లము, తలుపు వంపు, అన్నియు వంకరలే. చదరపు పలకపెట్టె పెట్టినచో సామానుకు తావుండదు. ఆత్మకూరు నుండి ఉదయగిరికి మెట్టపొలముల నడుమ సాగు కుటుంబమునకు డిక్కీలో బియ్యపుమూటయు పట్టవలెను, పాటయు వినబడవలెను. అందులోను చక్రముల రొద మంద్రస్వరములనే ముందుగా మ్రింగివేయును. వ్యర్థముగా పడియున్న ఆ వంకర పల్లమునే పెట్టెగా మలచుట ఈ పనివారి యుక్తి.

పని జరుగు తీరు ఇది. తొలుత డిక్కీ గోడకు అంటుకాగితము పొరలుగా అతికి లోహమును కాపాడుదురు. దానిపై గాజునార చాపను పరచి రెసిన్ అను ద్రవమును కుంచెతో పట్టింతురు. ఇట్లు కొన్ని పొరలు వేసి గట్టిపడనిచ్చి ఊడదీసినచో గోడ వంపు ఉన్నదున్నట్లు దిగిన చిప్ప లభించును. స్పీకరు కూర్చొను వలయమును ప్లైవుడ్‌తో కోసి, వినువారి చెవివైపు వంచి, పుల్లలతో చిప్పకు నిలుపుదురు. దానిపై సాగెడి గుడ్డను తంబురా తంత్రివలె బిగించి లాగి, రెసిన్‌తో తడిపినచో గుడ్డయే గోడయగును. లోపల మరల గాజునార పొరలు వేసి బలపరచుదురు. పిదప మెత్తుట, రుద్దుట, మరల మెత్తుట. ఓర్పులేనివాడు ఇచటనే ఓడిపోవును.

రెసిన్‌ను గట్టిపరచు ద్రవము నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే కలుపవలెను. మించినచో మిశ్రమము వేడెక్కి పగులును. నెల్లూరు ఎండలలో అది మరింత త్వరగా బిగియును. కావున నేర్పరులు వేసవిలో కొంచెము కొంచెముగా కలుపుకొందురు.

అటుపై కొలత. స్పీకరుకు తగినంత గాలియే పెట్టెలో ఉండవలెను. పన్నెండంగుళముల స్పీకర్లు పెక్కింటికి మూసినపెట్టె సుమారు ఒక ఘనపుటడుగు, అనగా 28 లీటర్లు ఉండును. వంకర పెట్టెను సూత్రముతో కొలుచుట కష్టము. అందుచే లోపల గింజలు నింపి, వాటిని కొలపాత్రతో కొలుతురు. కుంచముతో ధాన్యము కొలిచిన తాతల విద్య ఇచట గాలిని కొలుచుటకు అక్కరకు వచ్చినది! గాలి చాలనిచో మంద్రము గుబగుబలాడును. సన్నని కన్నము మిగిలినను బుస వినబడును.

ఈ విద్యకు వెల కలదు. రెసిన్ ఆవిరి ఊపిరికి హానికరము. గాజుధూళి చర్మమును కోయును. తగిన ముసుగు, చేతితొడుగులు, గాలి ఆడెడి తావు లేనిదే ఈ పనికి దిగరాదు. దుకాణములలో చూచి నేర్చుకొను కుర్రవారికి పని నేర్పువారు కలరు గాని, ఈ జాగ్రత్తను నేర్పువారు తక్కువ. వృత్తి విద్య చెప్పు పాఠశాలలు పూనుకొనవలసిన లోటు ఇది.

వినువారికిని నియమము కలదు. 2000 నాటి ధ్వనికాలుష్య నియమములు నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను హద్దుగా విధించినవి. విద్యుద్బలమును పదిరెట్లు పెంచినను చెవికి ధ్వని దాదాపు రెండింతలుగానే తోచును. పొరుగువాని నిద్ర మాత్రము పూర్తిగా చెడును. మంచి పెట్టె చేయుటలోని పరమార్థము తక్కువ బలముతో నిండైన నాదమును వినుట. చక్కని పెట్టెను చేసి వీధి అదరునట్లు మ్రోగించువాడు తన నేర్పును తానే అవమానించుకొనుచున్నాడు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేసి చూపవచ్చును. పాత రేడియోలోని స్పీకరును పెట్టె నుండి తీసి పాట వినిపింపుడు, పలుచగా వినబడును. పెద్ద అట్టకు స్పీకరంత కన్నము కోసి, దాని వెనుక స్పీకరును ఆనించి పట్టుడు. ఆ క్షణముననే మద్దెల మోతకు బరువు వచ్చును. స్పీకరు మారలేదు, పాట మారలేదు. ఒక అట్టముక్క అడ్డు నిలిచినది, అంతే. ఉదయగిరి చెంచా గుంటను, బొబ్బిలి వీణ కుండను ఆ పిల్లలు మరల చూచునపుడు ఆ పనివారి చేతిని మునుపటికంటె గౌరవముతో తలంతురు.