తార్నాక రూముకి 32 అంగుళాల టీవీ చాలా, 43 కావాలా?

ఉస్మానియా క్యాంపస్ చుట్టుపక్కల, అంటే తార్నాక, హబ్సిగూడ, మాణికేశ్వర్ నగర్, విద్యానగర్ వైపు ముగ్గురు నలుగురు కలిసి రూము తీసుకుని ఉండేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, పదిహేను వేలలో మంచి టీవీ చెప్పు." నేను మోడల్ పేరు చెప్పను, తిరిగి మూడు అడుగుతాను. మంచం నుంచి టీవీ పెట్టే గోడకి ఎన్ని అడుగులు? నెట్ ఎక్కడి నుంచి వస్తుంది? సినిమాలు, మ్యాచ్‌లేనా, క్లాసులు కూడా దాని మీదే చూస్తారా? వీటికి జవాబులు వచ్చేసరికి లిస్టులో సగం టీవీలు వాటంతట అవే పోతాయి. ఇక్కడ కూడా మోడల్ పేర్లు ఇవ్వడం లేదు. అవి సేల్ సేల్‌కీ మారిపోతాయి, లెక్క మాత్రం మారదు.

ముందు టేపు తీసి కొలవండి

10×10 రూములో మంచాలు, ఒక బీరువా, టీవీ కింద టేబుల్ పోగా కంటికీ తెరకీ మధ్య మిగిలేది 6 నుంచి 8 అడుగులు. 32 అంగుళాల తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు. హెచ్‌డి రెడీ అంటే అందులో అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెల్స్. అంటే ఒక్కో పిక్సెల్ అర మిల్లీమీటరు కంటే కొంచెం పెద్దది. 6/6 చూపు ఉన్న కన్ను విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం డిగ్రీలో 60వ వంతు. ఆ లెక్క వేస్తే, 6 అడుగుల దూరం దాటాక ఈ పిక్సెల్స్ విడివిడిగా కనపడవు. అదే సైజులో ఫుల్ హెచ్‌డి, అంటే 1920×1080 తీసుకుంటే ఆ దూరం 4 అడుగులకి తగ్గుతుంది. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డికి ఐదున్నర అడుగులు, 43 అంగుళాల 4కెకి 3 అడుగుల లోపే.

దీని అర్థం చాలామందికి నచ్చదు కానీ చెప్పాలి. మంచం మీద పడుకుని 7 అడుగుల నుంచి ఐపీఎల్ చూసేవాడికి 32 అంగుళాల హెచ్‌డి రెడీ టీవీలో పిక్సెల్స్ లోటేమీ కనపడదు. "హెచ్‌డి రెడీనా, పాతది కదా" అని షాపులో మొహం చిట్లించాల్సిన పని లేదు. 32కీ 43కీ మధ్య మీరు నిజంగా కొనుక్కునేది బొమ్మ సైజు. 71 సెంటీమీటర్ల వెడల్పు 95 అవుతుంది. అది చిన్న తేడా కాదు, ముఖ్యంగా నలుగురు చూసేటప్పుడు. దానికి డబ్బు పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.

43కి వెళ్లడం ఇప్పుడు మునుపటి కంటే తేలికైంది. 2019 జనవరి 1 నుంచి 32 అంగుళాల వరకు ఉన్న టీవీల మీద జీఎస్టీ 18 శాతం, ఆ పైన సైజులకి 28 శాతం ఉండేది. 32 దాటగానే ధర ఒక్కసారిగా ఎగరడానికి ఇదొక కారణం. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద సైజులు కూడా 18లోకి వచ్చాయి. పన్ను లేకుండా 20,000 ఉండే టీవీ అప్పుడు 25,600 అయితే, ఇప్పుడు 23,600. కాబట్టి అంతకుముందు రాసిన "32 దాటొద్దు" రకం ఆర్టికల్స్ చదివి నిర్ణయం తీసుకోకండి.

బాక్సు మీద రాసిన 4కె, లోపల ఉన్న 4కె

హబ్సిగూడలో ఉండే మా జూనియర్లు ఆన్‌లైన్‌లో ఒక చిన్న బ్రాండ్ 32 అంగుళాల టీవీ తెప్పించారు. పేరు ఇక్కడ అనవసరం. బాక్సు మీద పెద్దక్షరాలతో "4కె సపోర్ట్". నాకు ఫోన్. "అన్నా, 4కె అని రాసుంది, కానీ మా పాత టీవీ లాగే ఉంది." స్పెసిఫికేషన్స్ పేజీలో కిందికి వెళ్లి చూస్తే రిజల్యూషన్ 1366×768. సపోర్ట్ అంటే 4కె ఫైల్ ఇస్తే చిప్ దాన్ని చదవగలదు, చదివి చిన్నగా కుదించి ఈ ప్యానెల్ మీద చూపిస్తుంది, అంతే. "హెచ్‌డిఆర్ సపోర్ట్", "మోషన్ రేట్ 120" కూడా ఈ కోవకే చెందినవి. వెలుతురు తక్కువ ఉన్న బడ్జెట్ ప్యానెల్‌లో హెచ్‌డిఆర్ సిగ్నల్ అందుతుంది, ఆ మెరుపు మాత్రం రాదు. ఈ ధరలో రిఫ్రెష్ రేట్ దాదాపు అన్నిటికీ 60 హెర్ట్జ్. చూడాల్సింది ఒకే లైను: ప్యానెల్ రిజల్యూషన్.

వాళ్ల టీవీలో ఇంకో సంగతి కూడా బయటపడింది. మంచి నెట్ ఉన్నా ఓటీటీ సినిమాలు మసకగానే వస్తున్నాయి. ఇది చాలామందికి తెలియదు. "స్మార్ట్ ఆండ్రాయిడ్" అని అమ్మే చవక టీవీల్లో కొన్నిటికి గూగుల్ సర్టిఫికేషన్ ఉండదు. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కదా, ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. కానీ నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటి యాప్స్ సినిమా పంపేముందు కాపీ రక్షణ ఏ స్థాయిలో ఉందో చూస్తాయి. దాని పేరు వైడ్‌వైన్. ఎల్1 ఉంటేనే హెచ్‌డి. ఎల్3 మాత్రమే ఉంటే మీ ప్యానెల్ ఎంత గొప్పదైనా డీవీడీ నాటి నాణ్యతే అందుతుంది. అప్‌డేట్ చేసినంత మాత్రాన ఇది సరైపోతుందనుకోకండి. అందుకే గూగుల్ టీవీ అని అధికారికంగా ఉన్నదో, పెద్ద కంపెనీల సొంత సిస్టమ్ ఉన్నదో తీసుకోండి. షాపులో నెట్‌ఫ్లిక్స్ లాగిన్ చేయనిస్తే "టెస్ట్ ప్యాటర్న్స్" అని వెతికి ప్లే చేయండి. ఎంత రిజల్యూషన్ వస్తోందో తెర మీదే అంకెల్లో చూపిస్తుంది.

నెట్ సంగతి

హాస్టల్‌లోనో పీజీలోనో వైఫై కనెక్ట్ అయ్యాక బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వచ్చే పద్ధతి ఉంటే, చాలా టీవీల్లో ఆ పేజీ సరిగ్గా తెరుచుకోదు. అప్పుడు మిగిలేది ఫోన్ హాట్‌స్పాట్. నెట్‌ఫ్లిక్స్ తానే చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డిలో గంటకి 3 జీబీ వరకు, 4కెలో 7 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకి 2 జీబీ ప్లాన్‌తో హెచ్‌డి సినిమా ఇంటర్వెల్ దాకా కూడా రాదు. పైగా నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ టీవీలో అసలు పనిచేయదు. బేసిక్‌లో 720 దాటదు. 4కె కావాలంటే అన్నిటికంటే ఖరీదైన ప్లాన్ కట్టాలి. ఇవన్నీ లెక్కేసుకుంటే హాట్‌స్పాట్ మీద బతికే రూముకి 4కె టీవీ కొనడం, నల్లా లేని ఇంటికి షవర్ పెట్టించడమే. ముందు నలుగురూ కలిసి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోండి, టీవీ సైజు తర్వాత.

కేబుల్ మీదే చూసేవాళ్లు కూడా సెట్‌టాప్ బాక్సు ఏదో కనుక్కోండి. ఎస్‌డి బాక్సు అయితే బొమ్మ 720×576 మాత్రమే. దాన్ని 43 అంగుళాలకి సాగదీస్తే 32లో కంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది.

క్లాసులు చూసేవాళ్లకి లెక్క వేరు

గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లలో యూట్యూబ్ క్లాసులు టీవీలో పెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మెడ నొప్పి తగ్గుతుంది, నోట్సు రాసుకోవడం సుఖం. క్లాసు వీడియోని 6 అడుగుల నుంచి చూస్తే ఇందాకటి లెక్కే, హెచ్‌డి రెడీ చాలు. కానీ టేబుల్ మీద పెట్టి, లాప్‌టాప్ తగిలించి, 3 అడుగుల నుంచి పీడీఎఫ్‌లు చదువుదాం, ప్రాజెక్ట్ కోడ్ రాద్దాం అంటే మాత్రం అది పనికిరాదు. లాప్‌టాప్ 1920×1080 పంపుతుంది, టీవీ దాన్ని 1366లోకి నొక్కుతుంది, అక్షరాల అంచులు పాకిపోతాయి. తెలుగు ఫాంట్లలో ఒత్తులు, గుడులు చిన్నవి కాబట్టి ఇంగ్లీషు కంటే ముందు అవే దెబ్బతింటాయి. గంట చదివితే కళ్లు మండుతాయి.

అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అని చూస్తే 32 హెచ్‌డి రెడీకి 49, 32 ఫుల్ హెచ్‌డికి 69, 43 ఫుల్ హెచ్‌డికి 51, 43 4కెకి 102. మానిటర్‌గా వాడాలంటే 43 ఫుల్ హెచ్‌డి కూడా 32 హెచ్‌డి రెడీ లాంటిదే, సైజు పెరిగింది గానీ చిక్కదనం పెరగలేదు. కాబట్టి చదువుకోసం అయితే 32లో ఫుల్ హెచ్‌డి వెతకండి (తక్కువ దొరుకుతాయి, కానీ ఉన్నాయి), లేకపోతే నేరుగా 43 4కెకి వెళ్లండి. ఏది కొన్నా లాప్‌టాప్ తగిలించాక పిక్చర్ సెట్టింగ్స్‌లో ఓవర్‌స్కాన్ ఆపేయండి. కొన్నిటిలో దాన్ని జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో అంటారు. అది ఆన్‌లో ఉంటే అంచులు కత్తిరించి మిగతాది సాగదీస్తుంది.

షాపుకి వెళ్తే

కోఠి గుజరాతీ గల్లీ అయినా, పెద్ద షోరూమ్ అయినా, గోడ మీద ఆడే డెమో వీడియోని నమ్మకండి. అది 4కెలో తీసిన పువ్వులు, చిలకలు, పైగా టీవీ వివిడ్ మోడ్‌లో ఉంటుంది. అందులో ఏ ప్యానెల్ అయినా బాగుంటుంది. పెన్‌డ్రైవ్‌లో మీరు నిజంగా చూసే సినిమాలోంచి ఒక చీకటి సీను, ఒక క్లాసు వీడియో వేసుకెళ్లండి. ఇంకొకటి, పెయింట్‌లో 1920×1080 సైజు ఫోటో తెరిచి ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు నిలువు గీతలు గీసి, లాప్‌టాప్ నుంచి హెచ్‌డిఎంఐలో చూపించండి. నిజమైన ఫుల్ హెచ్‌డి ప్యానెల్ అయితే గీతలు సమానంగా వస్తాయి. హెచ్‌డి రెడీ అయితే బూడిదరంగు పట్టీలు అలలుగా కనిపిస్తాయి. సేల్స్‌మన్‌తో వాదన అక్కర్లేదు.

తర్వాత పక్కకి వెళ్లి నిలబడండి. రూములో అందరికీ ఎదురుగా చోటు ఉండదు కదా. విఎ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది, పక్క నుంచి రంగులు వెలిసిపోతాయి. ఐపిఎస్ దానికి ఉల్టా. పక్క మంచం మీద పడుకునేవాడు కూడా వాటా డబ్బులు ఇస్తున్నాడు కాబట్టి రూముకి నా ఓటు ఐపిఎస్‌కే.

కరెంటు గురించి పెద్దగా ఆలోచించకండి. 50 వాట్ల 32 అంగుళాల టీవీ రోజుకి 4 గంటలు నడిస్తే నెలకి 6 యూనిట్లు, 80 వాట్ల 43 అంగుళాలది అయితే 10 యూనిట్లు కూడా దాటదు. స్పీకర్ వాట్స్ కూడా అంతే. సన్నటి టీవీలో కిందికి తిరిగి ఉండే స్పీకర్ 20 రాసినా 30 రాసినా గొంతు డబ్బాలోంచే వస్తుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లకి ఒక్క మాట. "సౌండ్ వస్తుంది, బొమ్మ రాదు" అని సగం ధరకి ఇస్తుంటే వెంటనే వద్దనకండి. లైట్లు ఆర్పి, తెర మీద టార్చ్ వేసి చూడండి. లోపల బొమ్మ మసకగా కదులుతుంటే పోయింది బ్యాక్‌లైట్ ఎల్ఈడీ పట్టీలు, అవి మార్చడం ప్యానెల్ కంటే చాలా చవక. గీతలు, నల్లటి మచ్చలు, పగులు ఉంటే మాత్రం ప్యానెలే పోయినట్టు. దాన్ని మార్చే ఖర్చుతో ఇంకో టీవీ వచ్చేస్తుంది.

ఇక అద్దె రూములో గోడకి బిగించేముందు ఓనర్ ఆంటీని అడగండి. నాలుగు రంధ్రాలకి అడ్వాన్సులో కోసేవాళ్లు ఉన్నారు. టేబుల్ స్టాండు, ఒరిజినల్ అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకుండా మంచం కింద దాచుకోండి. ఏడాదికో రూము మారతారు, ఆటోలో తీసుకెళ్లేటప్పుడు ఆ పెట్టెలో నిలువుగానే పెట్టాలి. పడుకోబెట్టి పైన బ్యాగులు వేస్తే లాలాపేట దాటేలోపే తెర మీద గీతలు పడొచ్చు.