పొట్టి లింకుకు పూచీ ఎవరిది?

పెళ్లి శుభలేఖ మీద ముహూర్తం, విందు, వేదికతో పాటు ఇప్పుడు నలుపు తెలుపు గళ్ల పెట్టె ఒకటి ఉంటోంది. ఫోను కెమెరా దాని మీద పెడితే కల్యాణ మండపానికి దారి చూపే మ్యాపు తెరుచుకుంటుంది. తెనాలిలో డీటీపీ సెంటరు నడుపుతున్న నాకు ఈ క్యూఆర్ కోడ్ల పని బాగా పెరిగింది, దాంతో పాటే పొడుగు లింకుకు బదులు వాడే పొట్టి లింకులతో పని కూడా. అవి ఎక్కడ ఆదుకుంటాయో, ఎక్కడ ముంచుతాయో అందరూ తెలుసుకోవాలని నా తాపత్రయం.

ముందు మేలు చెప్తాను. లింకులో అక్షరాలు పెరిగేకొద్దీ కోడులో గళ్లు పెరుగుతాయి. పాతిక అక్షరాల లోపు పొట్టి లింకుకు వరసకు 25 గళ్లు చాలు. రెండు వందల అక్షరాలైతే వరసకు 57 దాకా కావాలి. అంగుళం పెట్టెలో 25 గళ్లంటే ఒక్కోటి మిల్లీమీటరు ఉంటుంది. 57 అయితే అర మిల్లీమీటరు కూడా ఉండదు. శుభలేఖల గరుకు అట్ట మీద ఇంకు కాస్త పరుచుకుందంటే ఆ సన్నగళ్లు కలిసిపోతాయి, ఫోను చదవలేదు.

తెలుగు లింకులకు ఇంకో అవస్థ ఉంది. తెలుగు వికీపీడియా వ్యాసం లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి. చాలాసార్లు శాతం గుర్తులూ అంకెలూ కలిసిన బారెడు తోక వస్తుంది. తెలుగులో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ లింకులో తొమ్మిదేసి గుర్తులు పడతాయి. ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాటకే 54 గుర్తులు! ఇలాంటి అవస్థ తప్పేలా, వికీపీడియాను నడిపే వికీమీడియా వాళ్లు తమ సైట్ల వరకు సొంత పొట్టి లింకుల ఏర్పాటు చేసుకున్నారు.

పొట్టి లింకులిచ్చే సేవలు కొత్తవేం కాదు. అమెరికాలో కెవిన్ గిల్బర్ట్‌సన్ 2002లోనే టైనీయూఆర్‌ఎల్ మొదలుపెట్టాడు. 140 అక్షరాల్లో సరిపెట్టుకోవాల్సిన ట్విటర్ కాలంలో బిట్‌లీ లాంటివి ఊపందుకున్నాయి. పనిచేసే తీరు తేలికే. మన పొడుగు లింకును వాళ్ల సర్వర్లో రాసిపెట్టుకుని, దానికి ఒక చిన్న గుర్తు ఇస్తారు. ఎవరైనా నొక్కితే ముందు వాళ్ల సర్వరుకు వెళ్లి, అక్కణ్నుంచి అసలు పేజీకి చేరతారు. ఎంతమంది నొక్కారో, ఏ వేళలో, ఏ ప్రాంతం నుంచి నొక్కారో వాళ్లకు తెలుస్తుంది. కరపత్రం వేయించిన చిన్న దుకాణదారుకు ఆ లెక్క పనికొస్తుంది. నొక్కినవాళ్లకు మాత్రం తమని ఎవరో లెక్కగడుతున్నారని తెలియదు.

అంటే మనకూ పేజీకీ మధ్య మూడో మనిషి ఉన్నాడు. అతను తప్పుకుంటే దారి మూసుకుపోతుంది. ఆ మధ్య ఒక పెద్దాయన శుభలేఖల కట్టతో మా సెంటరుకొచ్చారు. “కార్డులు సగం పంచేశామమ్మా, ఇప్పుడు కోడు కొడితే డబ్బు కట్టమంటోంది” అన్నారు. ఏదో ఉచిత సైటులో చేయించిన కోడు అది. ఆ పెట్టెలో ఉన్నది మ్యాపు లింకు కాదు, ఆ సైటువాళ్ల పొట్టి లింకు. ఉచిత గడువు తీరగానే ఆపేశారు. “కంగారు పడకండి బాబాయ్ గారూ” అని, మండపం మ్యాపు లింకుతో కొత్త కోడు చేసి, స్టిక్కర్లు వేసిచ్చాను. అప్పటికే కార్డులు అందుకున్నవాళ్లకు ఇంటిల్లిపాదీ కూర్చుని ఫోన్లు చేసుకున్నారు.

పెద్ద కంపెనీ అయితే ఆ భయం ఉండదనుకోవద్దు. గూగుల్ 2009లో తెచ్చిన పొట్టి లింకుల సేవను 2018లో మూసేస్తామని ప్రకటించింది. 2019లో కొత్త లింకులివ్వడం ఆపింది. 2025 ఆగస్టులో పాతవాటినీ ఆపేస్తామని చెప్పి, చివరికి వాడుకలో ఉన్నవాటిని మాత్రం ఉంచుతామంది. గూగుల్ మ్యాప్స్‌లో షేర్ నొక్కితే వచ్చే పొట్టి లింకులకు మాత్రం ఈ గండం తగల్లేదు. అవి మ్యాప్స్ కోసమే ఇచ్చినవి. అసలు పేజీ ఎవరిదో పొట్టి లింకు కూడా వాళ్లదే అయితే దానికి పూచీ ఉంటుంది. నేను అచ్చుపనిలో గట్టిగా పట్టుకున్న నియమం ఇదే.

అన్నిటికంటే పెద్ద ముప్పు మోసం. పొడుగు లింకులో సైటు పేరు కనిపిస్తుంది, పొట్టి లింకులో కనిపించదు. ట్రాఫిక్ చలానా ఉందనీ, కరెంటు పోతుందనీ, పార్సిల్ ఆగిందనీ వచ్చే దొంగ మెసేజీలకు ఇదే ఆసరా. నొక్కితే నకిలీ పేజీ వస్తుంది, లేదా దొంగ యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు ఫోన్లోకి దిగుతుంది. ముందే ఆమోదం పొందని లింకులున్న వ్యాపార ఎస్సెమ్మెస్‌లను ఆపేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరు నుంచి టెలికాం కంపెనీలకు నిబంధన పెట్టింది. వాట్సాప్‌కు ఆ కట్టడి లేదు.

ఇంకొకటి. పొట్టి లింకును ఊహించి పట్టుకోవచ్చు. అయిదారు అక్షరాల లింకులను కంప్యూటరుతో వరసగా ప్రయత్నిస్తూ పోతే పరాయివాళ్ల ఫైళ్లు తెరుచుకుంటున్నాయని అమెరికాలోని కార్నెల్ టెక్ పరిశోధకులు 2016లో చూపించారు. ఆధార్ కాపీలు, ఇంట్లో పిల్లల ఫొటోలు ఉన్న ఫోల్డరుకు పొట్టి లింకు వద్దు.

అనుమానం వస్తే చూసుకునే దారులున్నాయి. బిట్‌లీ లింకు చివర ప్లస్ గుర్తు చేర్చి తెరిస్తే అది ఎక్కడికి పోతుందో ముందే చూపిస్తుంది. క్యూఆర్ కోడు కొట్టినప్పుడు చాలా ఫోన్లు లింకును తెర మీద చూపి ఆగుతాయి. ఆ క్షణంలో సైటు పేరు చదవండి. శుభలేఖ ప్రూఫు చూసేటప్పుడు పేర్లూ తేదీలే కాదు, కోడు కూడా కొట్టి, ఏ సైటు మీదుగా పోతోందో చూడండి.

డబ్బు, ఓటీపీ, బ్యాంకు వివరాలు అడిగే పేజీకి మాత్రం ఎవరో పంపిన లింకు పట్టుకుని వెళ్లకండి, అది పొట్టిదైనా పొడుగుదైనా. చలానా ఉందో లేదో ప్రభుత్వ సైటు పేరు మీరే టైపు చేసి చూసుకోండి. ఒకవేళ నొక్కి డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.